తీర్థన్‌లో ట్రౌట్‌కి నింఫ్ ఏ నంబరు కట్టాలి?

నాగావళి_రేవు (రాయగడ)

అందరికీ నమస్కారం. అక్టోబరులో ముగ్గురం హిమాచల్‌లోని తీర్థన్ నదికి ట్రౌట్ చేపలు పట్టడానికి వెళ్తున్నాం. సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కణ్ణుంచి రోడ్డు మీద ఔట్, బంజార్ మీదుగా గుషైనీ. నాలుగు రోజులు నీళ్ళ దగ్గరే ఉంటాం. 9 అడుగుల 5 వెయిట్ (లైను బరువు నంబరు) రాడ్డు, తేలే లైను ఉన్నాయి. ఇక్కడ నాగావళిలో పరిగెలకీ జెల్లలకీ ఎర్ర గుచ్చి వేసే గాలమే మాకు తెలుసు, ఫ్లై (ఈకలూ దారంతో పురుగులా కట్టిన గాలం) కొత్త.

నింఫ్‌ల (నీళ్ళ అడుగున ఉండే పురుగు పిల్లల్లా కట్టిన ఫ్లైల) దగ్గరే చిక్కుపడ్డాం. ఆన్‌లైన్‌లో ఒకే ఫ్లై 10 నుంచి 20 దాకా ఆరు నంబర్లలో కనిపిస్తోంది. ఏ నంబరు తీసుకోవాలి? ఇక్కడి బజారులో రెండు కంపెనీల 10 నంబరు గాలాలు పక్కపక్కన పెడితే ఒకటి రెండోదానికి సగం కూడా లేదు, అదెందుకు? తల దగ్గర పూస ఉన్నవీ లేనివీ ఉన్నాయి, పూస సైజు ఎలా చూసుకోవాలి? మొత్తం ఎన్ని తెప్పించాలో కూడా చెప్పండి. అక్కడికి చేరాక కొనుక్కుందామంటే దొరుకుతాయన్న నమ్మకం లేదు.

కొలాబ్_గట్టు (జయపురం)

తమ్ముడూ, ముందు నంబరు సంగతి తేల్చుకో. ఫ్లై గాలాల్లో నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 8 పెద్దది, 20 చీమంత. వాడకంలో ఉండేవి ఎక్కువగా సరిసంఖ్యలే. 1 కంటే పెద్ద గాలాలకి 1/0, 2/0 అంటూ లెక్క మళ్ళీ పైకి నడుస్తుంది. బజారులో దొరికే కొన్ని గాలాలకి జపాను లెక్క ఉంటుంది, అందులో నంబరు పెరిగితే గాలమూ పెరుగుతుంది. నీ రెండు పదులూ కలవకపోవడానికి అదొక కారణం కావచ్చు. ఆ లెక్క తేడా లేకపోయినా కంపెనీ కంపెనీకీ కొలత కొంత మారుతుంది.

ఇంకొకటి. ఆ నంబరు గాలం నోటి (కొనకీ కాడకీ మధ్య ఖాళీ) వెడల్పుది, కాడ పొడవుది కాదు. కాడ మామూలు కంటే పొడవుగా ఉంటే పక్కన 1ఎక్స్ లాంగ్, 2ఎక్స్ లాంగ్ అని రాస్తారు. 14 నంబరు 2ఎక్స్ లాంగ్ అంటే నోరు 14ది, కాడ 12ది. నింఫ్‌కి మనకి కావలసింది కాడ పొడవే, పురుగు ఒళ్ళంతా కట్టేది దాని మీదే కదా. మామూలు కాడ గాలాల్లో సుమారుగా 10 అంటే 12–13 మిల్లీమీటర్లు, 12 అంటే 10–11, 14 అంటే 9, 16 అంటే 7, 18 అంటే 6, 20 అంటే 5. ఈ వరసని ఒక కాగితం మీద రాసి ఫ్లై డబ్బా మూత లోపల అతికించు. నంబర్లలో ఆలోచించడం మానేసి మిల్లీమీటర్లలో ఆలోచిస్తే సగం చిక్కు పోతుంది.

ఇక ఏ కొలత అన్నది నది చెప్పాలి. మోకాలి లోతులో, నీళ్ళు గలగలమనే చోట పిడికిలికి రెండింతలున్న రాయి ఎత్తి అడుగు భాగం చూడు. అంతకంటే మంచి పద్ధతి, చదరపు అడుగు దోమతెర గుడ్డని రెండు పుల్లలకి కట్టి నీళ్ళకి అడ్డంగా పట్టుకో, పైవైపు నిలబడ్డ మనిషి కాలితో నాలుగు రాళ్ళు కదపాలి. గుడ్డకి చిక్కినవాటిని తెల్లటి టిఫిన్ మూతలో నీళ్ళు పోసి వదులు. పొట్ట పక్కల ఈకల్లాంటి మొప్పలు ఆడిస్తూ, చాలావాటికి మూడు తోకలతో ఉండేవి మేఫ్లై పిల్లలు. రెండు తోకలుండి, పొట్ట పక్కల మొప్పలు లేకుండా, ఒళ్ళు బలంగా, నడక మందంగా ఉండేవి స్టోన్‌ఫ్లైలు. ఇసక రవ్వలతో గూడు కట్టుకుని అందులో ఉండేవో, గూడు లేకుండా పచ్చటి పురుగులా ఉండేవో కాడిస్ పిల్లలు. స్కేలుతో తల నుంచి పొట్ట చివరి దాకా కొలువు, తోకలు లెక్కలోకి రావు.

ఇక్కడే చాలామంది తప్పుతారు. మూతలో 4 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా అన్ని కొలతలూ ఉంటాయి. వాటి సగటు తీసుకోకూడదు. వీపు మీద రెక్కల మొగ్గలు బాగా నల్లబడ్డ పురుగు కోసం చూడు. అది ఆ రోజో మర్నాడో రెక్కలొచ్చి పైకి లేచేది. లేచే ముందు రాయి వదిలి నీళ్ళలో కొట్టుకుపోతుంది, ట్రౌట్ నోటికి అందేవి అవే. ఆ మొగ్గలు నల్లబడ్డది 7 మిల్లీమీటర్లుంటే 16 కట్టు, మిగతావి ఎంతున్నా సరే.

అక్టోబరులో వానలు వెనకపడి నీళ్ళు తేటపడతాయి, మట్టం తగ్గుతుంది. చేప నింఫ్‌ని తీరిగ్గా చూస్తుంది. అందుకే 16 మీద మొదలుపెట్టి, తేట మడుగుల్లో 18కి దిగు. గరుకు నీళ్ళలో, తెల్ల నురగ పక్కన 14 సరిపోతుంది. ఇదే ప్రయాణం మే, జూన్ నెలల్లో అయితే మంచు కరిగి నది బూడిద రంగుకి తిరుగుతుంది, అప్పుడు 8, 10 నంబర్ల నల్ల స్టోన్‌ఫ్లై లేకుండా చేపకి కనపడదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

కొలాబ్ అన్నయ్య చెప్పింది కొలత. నేను పూస, తంగూసు సంగతి చెప్తాను, ఎక్కువ ఫ్లైలు పాడయ్యేది అక్కడే.

పూస గాలానికి తగ్గదే ఉండాలి. 18 నంబరుకి 2 మిల్లీమీటర్లు, 16కి 2.4, 14కి 2.8, 12కి 3.3, 10కి 4 దాకా. లోతుగా దించాలని 16 గాలానికి 3.3 పూస ఎక్కిస్తే ఏమవుతుందంటే, పూస కిందికి వేలాడి గాలం నోటిని సగం మూసేస్తుంది. చేప పట్టుకుంటుంది, మీరు ఎత్తుతారు, ముల్లు దిగదు. మూడు నాలుగు చేపలు అలా జారితే నంబరు తప్పనుకుని ఇంకా చిన్నది కడతారు, అది ఇంకా జారుతుంది. బరువు తప్పనిసరైతే జిగ్ గాలం మీద కట్టిన నింఫ్ తీసుకోండి. దాని కాడ కన్ను దగ్గర పైకి వంగి ఉంటుంది, పక్కన గాడి కోసిన పూస దాని మీద పైకి కూర్చుంటుంది, నోరు తెరిచే ఉంటుంది. పైగా ముల్లు పైకి తిరిగి నడుస్తుంది కాబట్టి రాళ్ళకి తక్కువ చిక్కుతుంది. అదే నంబరులో ఒక సైజు పెద్ద పూసని జిగ్ గాలం తట్టుకుంటుంది.

పూస లోహం చూసుకోండి. ఇత్తడి కంటే టంగ్‌స్టన్ రెండింతలకు పైగా బరువు. అదే లోహంలో 2.4 నుంచి 3.3కి వెళ్తే బరువు సుమారు రెండున్నర రెట్లవుతుంది, ఎందుకంటే వ్యాసం కొంచెం పెరిగినా బరువు ఘనంగా పెరుగుతుంది. ఫొటోలో రెండూ ఒకేలా బంగారు రంగులో కనిపిస్తాయి, అమ్మేవాణ్ణి అడిగి తీసుకోండి. తేట నీళ్ళలో మెరిసే బంగారు పూస కంటే నల్లదో రాగి రంగుదో మేలు.

ఇప్పుడు తంగూసు. మన దగ్గర తంగూసుని మిల్లీమీటర్లలో అడుగుతాం, ఫ్లై వాళ్ళు చివర కట్టే సన్నటి భాగాన్ని టిప్పెట్ అని, దాని మందాన్ని ఎక్స్‌లలో చెప్తారు. 4ఎక్స్ అంటే 0.18, 5ఎక్స్ అంటే 0.15, 6ఎక్స్ అంటే 0.13 మిల్లీమీటర్లు. గాలం నంబరుని మూడుతో భాగిస్తే సుమారుగా కావలసిన ఎక్స్ వస్తుంది. 16 నంబరుకి 5ఎక్స్, 18కి 6ఎక్స్, 12కి 4ఎక్స్. పరిగెలకి వాడే 0.25 తంగూసుని 18 నంబరు నింఫ్‌కి కడితే కన్నులో దూరడమే కష్టం, దూరినా ఆ బిరుసుకి పురుగు కర్రముక్కలా నడుస్తుంది. నీళ్ళు ఎటు తోస్తే అటు ఊగాలి అది. పైగా మందం తంగూసుని నీళ్ళు ఎక్కువ తోస్తాయి, అడుగుకి దిగదు. ముడి బిగించే ముందు ఉమ్ముతో తడపండి, పొడిగా లాగితే వేడికి సన్నటి తంగూసు అక్కడే బలం పోతుంది.

వీలైతే ఫ్లోరోకార్బన్ టిప్పెట్ తీసుకోండి, నైలాన్ కంటే బరువు, తొందరగా మునుగుతుంది.

పాత_బెండు (బరంపురం)

బాబూ, ఇద్దరూ నిజమే చెప్పారు. కానీ వరస మారాలి. నింఫ్‌లో చేప పడకపోతే అందరూ ముందు మార్చేది నంబరు, మార్చవలసిన వాటిలో అది నాలుగోది. మొదటిది లోతు, రెండోది బరువు, మూడోది ఈడ్పు, ఆ తర్వాతే నంబరు, చిట్టచివర రంగు. సరైన లోతులో తప్పు నంబరుకి చేప పడుతుంది. తప్పు లోతులో సరైన నంబరుని చేప చూడనే చూడదు. చల్లటి నీళ్ళలో ట్రౌట్ అడుగున రాళ్ళ మధ్య నిలబడి, ముక్కు ముందుకి వచ్చింది తింటుంది. రెండడుగులు పైకి లేచి రావడం దానికి ఖర్చు.

ఇండికేటర్ అంటే మన బెండే. బెండు నుంచి నింఫ్ దాకా నీటి లోతుకి ఒకటిన్నర రెట్లు వదులు. మూడడుగుల నీళ్ళకి నాలుగున్నర అడుగులు. నీళ్ళ వేగానికి తంగూసు ఏటవాలుగా వస్తుంది, నిలువుగా దిగదు, అందుకే ఆ అదనం. పది పన్నెండు సార్లు నడిపాక నింఫ్ ఒక్కసారీ రాయికి తగలకపోతే బెండుని జానెడు పైకి జరుపు. ప్రతిసారీ ఇరుక్కుంటుంటే జానెడు దించు, లేదా తేలిక పూస వెయ్యి. మూడు నాలుగు నడకలకి ఒకసారి అడుగు రాస్తూ ఉంటే లోతు కుదిరినట్టు.

బెండు నడక చూడడం మనకి చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్యే, కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. నది పైభాగం వేగంగా, అడుగు నిదానంగా పారుతుంది. బెండు పక్కన పోతున్న నురగ చుక్కని గుర్తుపెట్టుకో. బెండు దాని కంటే కాస్త నిదానంగా నడిస్తే నింఫ్ అడుగున ఉన్నట్టు. నురగతో సమానంగా పోతుంటే నింఫ్ మధ్యలోనే తేలుతోంది, బరువు చాలదు. నురగ కంటే ముందుకి పరిగెడుతుంటే లైను బెండుని ఈడుస్తోంది. అప్పుడు రాడ్డు కొనతో లైనుని ఎగువకి ఎత్తి వెయ్యి. ఈడ్పు ఉన్న నింఫ్‌ని ట్రౌట్ ముట్టదు, పురుగు ప్రవాహానికి ఎదురుగానో అడ్డంగానో ఈదుకుంటూ పోదని దానికి తెలుసు.

మన పరిగె బెండుని టకటకా కొడుతుంది, వాలుగ ముంచేస్తుంది. ట్రౌట్ అలా చెప్పదు. నింఫ్‌ని నోట్లోకి తీసుకుని, ఆహారం కాదని తెలియగానే క్షణంలో ఉమ్మేస్తుంది. బెండు ఆగినా, తడబడినా, పక్కకి ఒరిగినా దిగువ వైపుకి మెల్లగా ఎత్తాలి. గట్టిగా గుంజితే 6ఎక్స్ తెగుతుంది.

ఇంకో మాట, 18 దగ్గర నేను కొలాబ్‌తో పూర్తిగా ఏకీభవించను. కొత్త చేతికి 18 కట్టడం, 2 మిల్లీమీటర్ల పూసతో మూడడుగుల పారే నీళ్ళలో అడుగుకి చేర్చడం కష్టం. అటువంటి చోట ముందు 14 జిగ్, టంగ్‌స్టన్ పూసతో దింపాలి.

కొలాబ్_గట్టు (జయపురం)

పెద్దాయన అన్నది ఒప్పుకుంటున్నాను, కాకపోతే రెండూ కలిపి చెయ్యొచ్చు. 14 జిగ్ నింఫ్ పైన కట్టి, దాని గాలం వంపుకి 40–45 సెంటీమీటర్ల 6ఎక్స్ ముక్క ముడివేసి, చివర పూసలేని 18 ఫెజెంట్ టెయిల్ అనే నింఫ్ వేలాడదీస్తే బరువుది దించుతుంది, చిన్నది వెనక నడుస్తుంది. ఎక్కువగా దేనికి పడుతోందో చూసుకుంటే నంబరు సందేహం తీరుతుంది. ఒకే లైనుకి రెండు ఫ్లైలు కట్టనిస్తారో లేదో లైసెన్సు తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి. మొదటిరోజు మాత్రం ఒక్కటే కట్టండి, రెండు కడితే విసరడం రాని చేతికి లైను ఉండకట్టేస్తుంది.

నాగావళి_రేవు (రాయగడ)

చాలా సంతోషం, అందరికీ. పెద్దాయన చెప్పిన నురగ లెక్క ఇప్పటిదాకా ఎక్కడా చదవలేదు. వెళ్ళేలోగా ఇక్కడ నాగావళిలో సాధన చెయ్యడం కుదురుతుందా? మన నీళ్ళలో ట్రౌట్ ఎలాగూ ఉండదు కదా. ఇంకొకటి, రోజులో పొద్దున్నకీ సాయంత్రానికీ నంబరు మార్చాలా?

కొలాబ్_గట్టు (జయపురం)

ట్రౌట్‌కి నీళ్ళు 10–16 డిగ్రీల మధ్య ఉంటే హాయి, 20 దాటితే ఊపిరాడక ఇబ్బంది పడుతుంది. మన వైపు దేవమాలి 1672 మీటర్లున్నా, కింది వాగులు ఎండాకాలం ఆ హద్దు దాటేస్తాయి. ట్రౌట్‌ని మన దేశానికి ఆంగ్లేయులు తెచ్చి వదిలింది కూడా కాశ్మీరు, కులూ, నీలగిరుల్లాంటి చల్లటి చోట్లలోనే.

కానీ సాధనకి నాగావళి చక్కగా సరిపోతుంది. నీళ్ళు తగ్గి, రాళ్ళు తేలి, మోకాలి లోతు పారుతున్న చోటు చూసుకోండి. వాన కురిసిన రోజూ, ఎగువన మబ్బు పట్టిన రోజూ దిగొద్దు. రాయి తిరగేస్తే మేఫ్లై పిల్లలూ, గూడు కట్టిన కాడిస్‌లూ ఇక్కడా కనిపిస్తాయి, జాతులు వేరైనా పోల్చుకోవడం, కొలవడం చేతికి అలవాటవుతుంది. పరిగె నోరు చిన్నది కాబట్టి 16, 18 నంబరు నింఫ్‌లనే కట్టండి, పూస 2.4 దాటొద్దు. పరిగె తొందరగా కొడుతుంది, అందుకని చేప పడిందా లేదా అన్నదాని మీద కాక, నింఫ్ మూడు నాలుగు నడకలకి ఒకసారి రాయికి తగులుతోందా, బెండు నురగ కంటే నిదానంగా పోతోందా, ఈ రెండూ చూసుకోండి.

రాడ్డు వాడకం కుదరని రోజు 10–12 అడుగుల వెదురు గాలపు కర్రకి అంతే పొడవు తంగూసు, చివర మూడడుగుల 5ఎక్స్ కట్టి, బెండు తీసేసి, కర్ర కొన ఎత్తి తంగూసు బిగువుగా ఉంచి నడిపించండి. యూరో నింఫింగ్ అని పెద్ద పేరుతో చెప్పే పద్ధతికి మూలం ఇదే. రాయి తగలడానికీ, చేప ముట్టడానికీ తేడా వేళ్ళకి తెలుస్తుంది. రాయి తగిలితే ఆగి జారుతుంది, చేప అయితే తంగూసు ప్రవాహానికి సంబంధం లేకుండా పక్కకి కదులుతుంది.

పొద్దున్న, సాయంత్రం సంగతి. మంచు కరిగే నెలల్లో మధ్యాహ్నం దాటాక నది లేస్తుంది, మసకబారుతుంది. పొద్దున్న 14 పనిచేసిన చోట సాయంత్రం 10 కట్టాలి. అక్టోబరులో ఆ తేడా తక్కువ, వెలుగు తేడానే ఎక్కువ. ఎండ నీటి మీద పడ్డాక మడుగుల్లో 18, ఎండ రాకముందూ పోయాకా 14, 16.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

తెప్పించవలసిన లెక్క, ఒక్క మనిషికి నాలుగు రోజులకి. పేర్లన్నీ నింఫ్‌లవే. హేర్స్ ఇయర్, టంగ్‌స్టన్ పూసతో, జిగ్ గాలం మీద: 12 నంబరు 2, 14 నంబరు 4. ఫెజెంట్ టెయిల్: 16 నంబరు పూసవి 5, 18 నంబరు పూసలేనివి 3. ఇది ఇంగ్లండులో నదీ సంరక్షకుడిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ కట్టిన నింఫ్, ఆయన దారానికి బదులు సన్నటి రాగి తీగతోనే చుట్టాడు, అందుకే పూస లేకపోయినా కొంత మునుగుతుంది. పచ్చ కాడిస్ 14 నంబరు 4. నల్ల స్టోన్‌ఫ్లై 8 నంబరు 2, 10 నంబరు 2, ఎగువన వాన కురిసి నీళ్ళు మసకబారితే పనికొస్తాయి. జీబ్రా మిడ్జ్ 20 నంబరు 2. మొత్తం 24. రాళ్ళకి పోయేవి ఎక్కువగా 14, 16 నంబర్లే కాబట్టి ముగ్గురికీ కలిపి అవి మరో డజను. 4, 5, 6 ఎక్స్ టిప్పెట్ చుట్టలు ఒక్కోటి, బెండ్లు చిన్నవి నాలుగు.

పార్సిల్ రాగానే స్కేలు పెట్టి కాడ కొలిచి చూడండి. 16 అని పంపింది 9 మిల్లీమీటర్లుంటే అది మీకు 14 కిందే లెక్క, డబ్బాలో ఆ అరలోనే పెట్టండి. ప్రతి గాలాన్నీ గోరు మీద ఆనించి లాగండి, గీత పడకుండా జారిపోతే ముల్లు మొద్దు, సన్నటి ఆకురాయితో రెండు గీతలు గీస్తే సరి. నదిలో రాయికి తగిలిన ప్రతిసారీ ఇదే పరీక్ష. చివరి అంగుళం తంగూసుని పెదవుల మధ్య లాగి చూడండి, గరుకు తగిలితే కత్తిరించి మళ్ళీ కట్టండి.

వంశధార_ఒడ్డు (గుణుపురం)

సైజుల గురించి అందరూ చెప్పారు, నాది రెండు ముక్కలు. హిమాచల్‌లో ట్రౌట్ నీళ్ళు నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా మూసేస్తారు, అది గుడ్లు పెట్టే కాలం. ప్రయాణం వెనక్కి జరిగితే ఈ తేదీ మరిచిపోకండి. లైసెన్సు మత్స్యశాఖ ఇస్తుంది, దాని మీద రాసిన షరతులు నీళ్ళలో దిగకముందే చదువుకోండి. గుషైనీ నుంచి పైకి వెళ్తే గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు వస్తుంది, అక్కడి అనుమతులు వేరు.

రెండోది, గాలం కొన వెనక ఉండే ఎదురు ముల్లుని కట్టకముందే పట్టకారుతో నొక్కెయ్యండి. 18 నంబరు గాలాన్ని నీళ్ళ ఒడ్డున నొక్కబోతే వంపు దగ్గర విరుగుతుంది, ఇంట్లో వెలుతురులో తీరిగ్గా చెయ్యండి, పట్టకారు నోరు గాలం కొనకి అడ్డంగా కాకుండా కొన వెంట పొడవునా పెట్టాలి. వదిలే చేపని తడి చేత్తోనే పట్టుకుని, నీళ్ళలోనే ముఖం ఎగువకి తిప్పి, తనంత తాను కదిలిపోయేదాకా ఆనుకుని ఉంచండి. పొడి చెయ్యి తగిలితే ఒంటి మీద జిగురు పోతుంది, ఆ చోట బూజు పట్టి చేప తర్వాత చస్తుంది.

నాగావళి_రేవు (రాయగడ)

రాసుకున్నాను. 24 చొప్పున ముగ్గురికీ, అదనంగా 14, 16 నంబర్లు ఆరేసి. పూసలు టంగ్‌స్టనేనా అని అమ్మేవాణ్ణి అడిగాకే డబ్బు కడతాం. ఈ ఆదివారం నాగావళి మీది హాతీపథర్ దిగువన వాన లేకపోతే, నీళ్ళు తగ్గి ఉంటే దోమతెర గుడ్డ పట్టి, చిక్కినవాటి కొలతలు మిల్లీమీటర్లలో ఇక్కడే పెడతాను. రెక్కల మొగ్గలు నల్లబడ్డవి ఏవో సరిగ్గా పోల్చానో లేదో చూసి చెప్పండి.